ఆఫెన్‌బాక్ రంగస్థల కృతులు: 'హాఫ్‌మన్ కథలు' ఒక్కటే చాలా, మిగిలినవీ చూడాలా?

రవళి:
అందరికీ నమస్కారం. పాశ్చాత్య సంగీతం వింటాను కానీ ఒపేరా నాకు కొత్త. జాక్ ఆఫెన్‌బాక్ అంటే ఇన్నాళ్లూ తెలిసింది కాంకాన్ నాట్యానికి వాడే ఆ ఒక్క బాణీ. ఈమధ్య ఆయన 'ఓర్ఫే ఓజాంఫేర్' (నరకంలో ఓర్ఫియస్) వీడియో చూశాను. లియోన్ ఒపేరా ప్రదర్శన, 1997 నాటిది. మార్క్ మింకోవ్‌స్కీ సంగీత నిర్వహణ, లోరాన్ పెలీ దర్శకత్వం, యూరిడిస్‌గా నతాలీ దెస్సే. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ చూసినా నవ్వు ఆగలేదు. జూపిటర్ ఈగ రూపంలో వచ్చి యూరిడిస్‌తో పాడే యుగళగీతం ఇంకా చెవుల్లో తిరుగుతోంది.

ఇక్కడి అనుభవజ్ఞులను అడుగుతున్నాను. తరవాత ఏది చూడాలి? సంగీతం చదువుకున్న మిత్రుడొకరు "ఆయన రాసినవాటిలో నిలిచేది 'హాఫ్‌మన్ కథలు' ఒక్కటే, మిగిలినవన్నీ ఆనాటి కాలక్షేపం" అన్నారు. మీరేమంటారు?

శ్రీధర్ (సెల్లో):
రవళి గారూ, ఆ మాట నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను, ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు. ఎందుకో చెప్పాలంటే ఆ నాటకాలు ఏ పరిస్థితిలో పుట్టాయో ముందు చెప్పాలి.

ఆయన ఫ్రెంచివాడిగా పుట్టలేదు. 1819లో జర్మనీలోని కొలోన్‌లో, యూదు ప్రార్థనాలయంలో పాడే గాయకుడి ఇంట్లో పుట్టాడు. పద్నాలుగేళ్ల వయసులో సెల్లోతో పారిస్ చేరాడు. అక్కడి కన్సర్వేటరీలో (సంగీత కళాశాలలో) విదేశీయులను చేర్చుకోకూడదని నిబంధన. అధిపతి కెరూబినీ అదే నిబంధన చూపించి 1823లో బాలుడైన లిస్ట్‌ను వెనక్కి పంపాడు. పదేళ్ల తరవాత ఈ కుర్రాడి వాయిద్యం విని మాత్రం చేర్చుకున్నాడు. ఆఫెన్‌బాక్ ఏడాదికే చదువు మానేసి ఒపేరా కోమిక్ అనే పారిస్ సంగీత నాటకశాల వాద్యబృందంలో చేరాడు, ధనికుల ఇళ్లలో కచేరీలు చేశాడు. కోరిక ఒక్కటే: ఒపేరా కోమిక్ వేదిక మీద తన నాటకం ఆడాలి. ఏళ్ల తరబడి ఆ అవకాశం దొరకలేదు.

1855లో పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరుగుతుంటే, దానికి దగ్గర్లోనే షాంజెలిజే వీధిలో ఒక చిన్న థియేటరు తీసుకున్నాడు. బూఫ్ పారిజియెన్ అని పేరు పెట్టి జులై 5న తెర ఎత్తాడు. అప్పట్లో ఏ థియేటరులో ఏ రకం నాటకం ఆడాలో, ఎంతమంది మాట్లాడాలో ప్రభుత్వమే నిర్ణయించేది. ఈయనకు మొదట దొరికిన అనుమతి ముగ్గురు పాత్రధారులకు, తరవాత నలుగురికి. ఒకటే అంకం ఉండాలి. 1857 నాటి 'క్రోక్‌ఫేర్'లో ఐదో పాత్ర అవసరమైంది. ఏం చేశారో చూడండి: శత్రువులు నాలుక కోసేసిన యోధుడిగా ఆ పాత్రను మలిచారు. అతను మాట్లాడడు, రాసిన అట్టలు పట్టుకుని చూపిస్తాడు! ఆంక్షనే కథలోకి తెచ్చి దాన్నే నవ్వుగా మార్చిన తెలివి అది. ఇద్దరు ముగ్గురితో, చిన్న వాద్యబృందంతో, అరగంటలో రక్తి కట్టించడం అక్కడే నేర్చుకున్నాడు. 1858లో ఆంక్షలు సడలగానే అదే ఏడాది అక్టోబరు 21న మీరు చూసిన 'ఓర్ఫే' వచ్చింది.

పద్మజ (పారిస్):
శ్రీధర్ గారు పునాది చెప్పారు కాబట్టి నేను నేరుగా 'ఓర్ఫే'లోకి వెళ్తాను. నాకు దానిమీద ఉన్న ప్రేమ ఈ వేదికలో పాతవాళ్లందరికీ తెలుసు.

గ్రీకు కథలో ఓర్ఫియస్ చనిపోయిన భార్య యూరిడిస్ కోసం పాతాళానికి వెళ్తాడు. ఆఫెన్‌బాక్ నాటకంలో భార్యాభర్తలకు ఒకరంటే ఒకరికి గిట్టదు. ఆయన వయొలిన్ మాస్టారు. తన కొత్త కచేరీ కృతి గంటంబావు సేపు వినిపిస్తానని బెదిరిస్తే ఆమె చెవులు మూసుకుంటుంది. భార్యను ప్లూటో ఎత్తుకుపోయాడని తెలిసి సంతోషించిన మనిషిని 'ప్రజాభిప్రాయం' అనే పాత్ర వచ్చి, వెళ్లి తెచ్చుకో, లోకం ఏమనుకుంటుంది అని బలవంతంగా నడిపిస్తుంది. పురాణాన్ని వెక్కిరించాడని అప్పట్లో విమర్శించారు కానీ, ఆ వెక్కిరింత దేవుళ్ల మీద కాదు, పరువు కోసం కాపురం చేసే పారిస్ పెద్దమనుషుల మీద.

సంగీతం చూడండి. ఓర్ఫియస్ జూపిటర్ ముందు భార్యను అడిగే చోట, ఇదే కథ మీద గ్లుక్ రాసిన ఒపేరాలోని ప్రసిద్ధమైన విలాపగీతాన్ని ఆఫెన్‌బాక్ యథాతథంగా వాడాడు. అంతటి కరుణరసం ఉన్న బాణీని, భార్య తిరిగి రాకూడదని మనసులో కోరుకునే భర్త నోట పెట్టాడు! గ్లుక్ బాణీ మీద ఆయనకు గౌరవం లేకపోతే ఆ చోట అది అంత అందంగా వినిపించదు. రోజూ అమృతం తాగి విసిగిపోయిన దేవతలు తిరగబడే ఘట్టంలో 'మార్సెయేజ్' బాణీ వినిపిస్తుంది. ఈనాడు అది ఫ్రాన్సు జాతీయగీతం కానీ, చక్రవర్తి మూడో నెపోలియన్ పాలనలో అది విప్లవాన్ని గుర్తుచేసే పాట, పాలకులకు నచ్చనిది.

ముందు నాటకం ఓ మోస్తరుగానే ఆడింది. 1859 మొదట్లో జ్యూల్ జనాం అనే పేరుమోసిన విమర్శకుడు పవిత్రమైన ప్రాచీనతను మైలపరిచారని పత్రికలో నిప్పులు కక్కాడు. అంతే, జనం విరగబడ్డారు. తొలి విడతలోనే 228 ప్రదర్శనలు జరిగాయి.

రంగస్థలి:
నేను నాటకాలు వేయించేవాణ్ణి కాబట్టి నాకు తోచింది చెప్తాను. ఆఫెన్‌బాక్ 'లా బెల్ ఎలెన్' (అందాల హెలెన్)లో వాడుకున్న హెలెన్, ఆమెను ఎత్తుకుపోయిన పారిస్, భర్త మెనెలాస్ కథలు ఆనాటి ఫ్రెంచి ప్రేక్షకులకు బడిలో బట్టీ పట్టించిన కథలు. మన ఊళ్లలో 'రాయబారం' పద్యాలు ప్రేక్షకులకే నటుడికన్నా ముందు నోటికి వచ్చేవి చూడండి, అలా. కథ అందరికీ తెలిసినప్పుడే దాన్ని కాస్త వంచితే నవ్వు పుడుతుంది. అందుకే రవళి గారూ, ఈ నాటకాలు వినడంతో సరిపెట్టకండి, చూడండి. పాటల మధ్య సంభాషణ బోలెడు ఉంటుంది. పాటలు మాత్రమే ఉన్న రికార్డులు వింటే సగం ప్రాణం పోయినట్టే.

1866లో పాలే రోయాల్ థియేటరు కోసం రాసిన 'లా వీ పారిజియెన్' (పారిస్ జీవితం) దీనికి మంచి ఉదాహరణ. అక్కడి బృందంలో నటులు ఎక్కువ, శిక్షణ ఉన్న గాయకులు తక్కువ. జుల్మా బుఫార్ అనే గాయనిని బయటి నుంచి తెచ్చుకున్నారు. మిగిలినవాళ్లకు గొంతు తక్కువ, మాట పలికే నేర్పు ఎక్కువ. ఆ పాటలన్నీ మాటల లయ మీద నడుస్తాయి. రైల్వేస్టేషన్‌లో తెర లేస్తుంది. స్వీడన్ నుంచి వచ్చిన బారన్ దంపతులను ఒక యువకుడు ఇది హోటలే అని నమ్మించి తన ఇంటికే తీసుకుపోతాడు, చెప్పులు కుట్టేవాణ్ణీ చేతి తొడుగులు కుట్టే అమ్మాయినీ పెద్దింటివాళ్లుగా వేషం కట్టించి భోజనానికి కూర్చోబెడతాడు. దేవుళ్లు లేరు, రాజులు లేరు, ప్రేక్షకులు తమనే వేదిక మీద చూసుకున్నారు.

శేషగిరి:
అమ్మా రవళీ, మీ మిత్రుడి పక్షాన మాట్లాడే మనిషి ఒకడైనా ఉండాలి కాబట్టి నేను రాస్తున్నాను. మొహమాటానికి కాదు, నా అభిప్రాయమే అది.

వ్యంగ్యం వ్యంగ్యం అంటున్నారు. 1860లో 'ఓర్ఫే'ను మూడో నెపోలియన్ ముందు ప్రత్యేకంగా ప్రదర్శించారు, ఆయన ఆనందించాడు. అదే ఏడాది ఆఫెన్‌బాక్‌కు ఫ్రెంచి పౌరసత్వం, మరుసటి ఏడాది లెజియన్ దొనర్ పురస్కారం. ఎవరిని ఎగతాళి చేశారో ఆ మనిషే చప్పట్లు కొడితే ఆ ఎగతాళిలో వాడి ఎంత? కొరడా అనుకున్నది నెమలీక అయింది. 'హాఫ్‌మన్ కథలు' అలా కాదు. అందులో ఒక కవి మూడుసార్లు ప్రేమించి మూడుసార్లు నాశనమవుతాడు. ఒలింపియా మరబొమ్మ, ఆంతోనియా పాడితే ప్రాణం పోయే జబ్బు ఉన్న గాయని, జూలియెట్టా ప్రేమికుడి ప్రతిబింబాన్ని దొంగిలించే వెనిస్ వేశ్య. ముగ్గురి వెనుకా నాలుగు పేర్లతో తిరిగే ఒకే దుష్టశక్తి. ఆంతోనియా అంకం చివర, చనిపోయిన తల్లి చిత్రపటం గొంతు విప్పి కూతుర్ని పాడమని ప్రేరేపించే త్రయగీతం వినండి. ఆ లోతు ఆయన ఇంకెక్కడా తవ్వలేదు.

పద్మజ (పారిస్):
శేషగిరి గారూ, ఆంతోనియా త్రయగీతం గురించి మీతో నాకు పేచీ లేదు. కానీ పాలకుడు చప్పట్లు కొట్టినంత మాత్రాన ఎగతాళి మొద్దుబారినట్టు కాదు. 1867 నాటి 'గెరోల్‌స్టైన్ మహారాణి'ని తీసుకోండి. ఏప్రిల్ 12న వారియెతే థియేటరులో మొదలైంది, అప్పుడు పారిస్‌లో మరో ప్రపంచ ప్రదర్శన. యూరప్ రాజులంతా నగరంలో ఉన్నారు. రష్యా జార్ రెండో అలెగ్జాండర్ చూశాడు, బిస్మార్క్ చూశాడు. వాళ్లు చూసిన కథ ఏమిటి? చిన్న దేశపు మహారాణికి పొద్దుపోవడం లేదు, ఆమెకు వినోదంగా ఉంటుందని మంత్రి యుద్ధం మొదలుపెడతాడు. ఫ్రిట్జ్ అనే మామూలు సిపాయి ఆమె కంటికి నచ్చాడు కాబట్టి ఒక్క దృశ్యంలోనే సేనాధిపతి అవుతాడు, ఆమె మనసు మారగానే మళ్లీ సిపాయి అవుతాడు. శత్రుసైన్యాన్ని మద్యంతో పడగొట్టి గెలుస్తాడు. జనరల్ బూమ్ పిస్తోలు పేల్చి ఆ పొగను నస్యంలా పీలుస్తాడు. మూడేళ్లు దాటగానే, 1870లో, ఆ ప్రేక్షకుల్లో ఉన్నవాళ్లే నిజం యుద్ధం చేసుకున్నారు.

ఆ నాటకం యుద్ధాన్ని ఆపలేదు, నిజమే. నాటకం పని అదని నేను అనను. యుద్ధాలు ఎంత అల్పమైన కారణాలతో మొదలవుతాయో ఆ కారకుల ముందే పాడి వినిపించిన నాటకం మరొకటి చూపించండి.

శ్రీధర్ (సెల్లో):
ఆ పాత్ర వేసిన ఓర్తాన్స్ ష్నైడర్ గురించి ఒక మాట. 1864 డిసెంబరులో 'లా బెల్ ఎలెన్'తో మొదలుపెట్టి 'బార్బ్ బ్లే', ఈ మహారాణి, ఆ తరవాత 'లా పెరికోల్', వారియెతే విజయాలన్నీ ఆమె మీద నిలబడ్డాయి. మాటలు రాసింది ఆంరీ మెయాక్, ల్యుదొవిక్ అలేవీ జంట. బిజే ఒపేరా 'కార్మెన్'కు మాటలు రాసింది కూడా వీళ్లే. బిజే గురించి ఇంకో సంగతి: 1856లో ఆఫెన్‌బాక్ తన థియేటరు తరఫున యువ స్వరకర్తలకు పోటీ పెట్టాడు. బహుమతిని బిజే, షార్ల్ లెకోక్ పంచుకున్నారు. అప్పటికి బిజేకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

మైత్రి:
ఇన్ని మాటల్లో 'బర్కూఫ్' పేరు రాలేదు! మనకు దగ్గరగా వచ్చే కథ అదే కదా.

1860 డిసెంబరు 24న ఎట్టకేలకు ఒపేరా కోమిక్ వేదిక మీద ఆఫెన్‌బాక్ నాటకం పడింది. అదే ఇది. కథ జరిగేది లాహోర్‌లో, మొఘల్ కాలంలో. అక్కడి జనం మాటిమాటికీ తిరగబడి సుబేదార్లను కిటికీలోంచి తోసేస్తుంటారు. విసిగిపోయిన మొఘల్ చక్రవర్తి వాళ్లకు శిక్షగా తన కుక్క బర్కూఫ్‌ను సుబేదారుగా నియమిస్తాడు. మైమా అనే పూలమ్మే అమ్మాయి ఒకప్పుడు ఆ కుక్కను పెంచింది, అది ఆమె మాటే వింటుంది. అందుకని కుక్క అరుపులకు అర్థం చెప్పే పని ఆమెకు అప్పగిస్తారు. ఆమె ఆ అరుపులకు ఏం అర్థం చెబుతుందంటే, పన్నులు తగ్గించమన్నారు, ఖైదీలను వదిలిపెట్టమన్నారు. జనం సుఖపడతారు. అంతకుముందు ఏ మనిషీ ఇవ్వని పాలన అది.

మాటలు రాసినవారిలో యూజెన్ స్క్రీబ్ ఉన్నాడు, ఆ శతాబ్దపు అతి పెద్ద నాటకకర్తల్లో ఒకడు. అయినా ఏడు ప్రదర్శనలతో ఆగిపోయింది. స్వరకర్త బెర్లియోజ్ పత్రికలో చీల్చి చెండాడాడు. ఆ తరవాత నూటయాభై ఏళ్లకు పైగా ఎవరూ ముట్టుకోలేదు. 2018 డిసెంబరులో స్ట్రాస్‌బర్గ్‌లో జాన్ క్రిస్తోఫ్ కెక్ సిద్ధం చేసిన ప్రతితో, మరియామ్ క్లెమాం దర్శకత్వంలో మళ్లీ వేశారు. ఆఫెన్‌బాక్ ద్విశతాబ్ది ఏడాదిలో సొంత ఊరు కొలోన్‌లోనూ ఆడింది.

లాహోర్ అన్న పేరు తప్ప అందులో మన ఉపఖండం ఆనవాలు లేదు, అది ముసుగు. ముసుగు వెనక ఉన్నది పారిస్ రాజమందిరం. కుక్క ముందు మోకరిల్లే ఆస్థానాన్ని చక్రవర్తి పాలనలోనే వేదిక మీద చూపించారు. శేషగిరి గారూ, దీనికి మాత్రం చప్పట్లు పడలేదు.

రవళి:
చాలా కృతజ్ఞతలు, ఇంత వస్తుందనుకోలేదు. 'లా పెరికోల్' పేరు శ్రీధర్ గారు అలా అనేసి వెళ్లిపోయారు. దాని గురించి ఇంకొంచెం చెప్తారా?

శ్రీధర్ (సెల్లో):
అది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ఎవరైనా అడుగుతారేమో అని చూస్తున్నాను.

1868 అక్టోబరు 6న మొదటి ప్రదర్శన. ఇప్పుడు ఎక్కువగా ఆడేది 1874లో మూడు అంకాలకు పెంచిన ప్రతి. స్థలం పెరూలోని లీమా. పెరికోల్, పికియో ఇద్దరూ వీధుల్లో పాడి బతికే ప్రేమికులు. పెళ్లి చేసుకోవడానికి డబ్బు లేదు, ఆ రోజు తినడానికి కూడా లేదు. పాడితే ఎవరూ నాణెం వేయరు. రాజప్రతినిధి మారువేషంలో వచ్చి ఆకలితో పడుకున్న ఆమెను చూసి, అంతఃపురానికి వస్తే భోజనం పెట్టిస్తానంటాడు. ఆమె ఒప్పుకుని పికియోకు ఉత్తరం రాస్తుంది. నిన్ను ప్రేమిస్తున్నాను, కానీ ఇలా ఆకలితో చస్తూ ప్రేమించడం నావల్ల కాదు, ఇద్దరం రొట్టె లేకుండా ఎన్నాళ్లు ఉంటాం అని దాని భావం. ఆ బాణీలో ఒక్క ఆడంబరం లేదు. చిన్న స్వరాల మెట్ల మీద, మాట ఎలా వస్తే అలా నడుస్తుంది. ఏడిపించాలని ఆఫెన్‌బాక్ ఎక్కడా బలవంతపెట్టడు, అయినా గొంతు పట్టుకుంటుంది.

ఆ వెంటనే ఆమె కడుపునిండా తిని, తాగి, తూలుతూ పాడే పాట. రెండు పాటలూ ఒకే గాయని, ఒకే అంకం. రాజప్రతినిధి ఆస్థానంలోకి పెళ్లికాని స్త్రీ రాకూడదు కాబట్టి ఆమెకు తాగిన ఎవడితోనో పెళ్లి చేస్తారు. అతనెవరో కాదు, పికియోనే. నిజం తెలిసి ఎదురు తిరిగితే, మొండికేసే మొగుళ్ల కోసం ప్రత్యేకంగా కట్టిన చెరసాలలో పడేస్తారు. ఆకలిని ఇంత నిజాయతీగా చెప్పిన నాటకాన్ని కాలక్షేపం అనడం నాకు బాధగా ఉంటుంది.

శేషగిరి:
ఉత్తరం పాట గురించి శ్రీధర్ రాసింది చదివి మళ్లీ విన్నాను. బాగుంది, చాలా బాగుంది. అయినా నా మాట నాదే. 'హాఫ్‌మన్' కోసం ఆయన ప్రాణం పెట్టాడు. 1880 అక్టోబరు 5న చనిపోయే నాటికి వాద్యరచన పూర్తికాలేదు, ఎర్నెస్ట్ గిరో పూర్తిచేశాడు. 1881 ఫిబ్రవరి 10న ఒపేరా కోమిక్‌లో మొదటి ప్రదర్శన. నాటకం పొడుగైందని జూలియెట్టా అంకాన్నే తీసేశారు, అందులోని పడవ పాటను (బార్కరోల్) తీసుకెళ్లి ఆంతోనియా అంకంలో పెట్టారు. ఆ తరవాత ఒక్కో ప్రచురణకర్త ఒక్కో రకంగా కూర్చాడు. 1970ల నుంచి పాత హస్తప్రతులు బయటపడేకొద్దీ నాటకం రూపం మారుతూనే ఉంది. చిందరవందరగా మిగిలినా ఇంత నిలబడిందంటే అందులో ఉన్న బలం ఎంతో ఆలోచించండి.

రంగస్థలి:
శేషగిరి గారూ, మీరు చెప్పిన పడవ పాటనే తీసుకుందాం. అది 'హాఫ్‌మన్' కోసం పుట్టలేదు. 1864లో వియన్నాలో ఆడిన 'రైన్ జలకన్యలు' ఒపేరాలో అదే బాణీని వాడాడు. వజ్రాన్ని చూస్తూ దుష్టుడు పాడే పాట ఉంది కదా, అందరూ మెచ్చుకునేది, అది ఆయన పోయిన తరవాత ఇతరులు చేర్చింది. దాని బాణీ 1875 నాటి 'చంద్రలోక యాత్ర'లోది. ఆ నాటకం అచ్చంగా పిల్లలూ పెద్దలూ కలిసి చూసే వేడుక! అక్కడ నవ్వించిన బాణీ ఇక్కడ భయపెడుతోంది.

ఇక ఒలింపియా పాట. మరబొమ్మ కీ అయిపోయి మధ్యలో ఆగిపోతుంది, ఎవరో వచ్చి కీ తిప్పితే మళ్లీ అందుకుంటుంది. ఈ హాస్యం చేసిన చెయ్యి 'ఓర్ఫే'లో ఈగ పాట రాసిన చెయ్యే. మొదటి అంకంలో హాఫ్‌మన్ గూనివాడు క్లైన్‌జాక్ మీద హాస్యగీతం పాడుతూ పాడుతూ, తెలియకుండానే ప్రేయసి ముఖవర్ణనలోకి జారిపోతాడు. చూసేవాళ్లకు ఒళ్లు జలదరించేది అక్కడే. పాతికేళ్లు నవ్వు నాటకాలు రాయకపోతే ఆ జారుడు ఆయనకు పట్టుబడేదా? 'హాఫ్‌మన్' మిగిలినవాటికి భిన్నం కాదు, మిగిలినవాటి పంట.

మైత్రి:
రంగస్థలి గారి మాటకు నా ఓటు. 'లె బ్రిగాన్'లో ప్రతిసారీ ఆలస్యంగా వచ్చే పోలీసుల బూట్ల చప్పుడు పాట కూడా వినండి రవళి గారూ, దూరం నుంచి దగ్గరికి వచ్చే ఆ శబ్దాన్ని ఎంత పొదుపుగా కట్టాడో.

పద్మజ (పారిస్):
చివరి పదేళ్ల గురించి కొంచెం. 1870 యుద్ధం తరవాత ఫ్రాన్సులో ఆయన్ను జర్మన్ అన్నారు, జర్మనీలో ద్రోహి అన్నారు. పారిస్ అభిరుచి కూడా మారింది. లెకోక్ రాసిన 'మదాం ఆంగో కూతురు' 1873 నుంచి అక్కడ ఊపేసింది. ఆఫెన్‌బాక్ గెతే థియేటరు తీసుకుని భారీ ప్రదర్శనలు వేసి దివాలా తీశాడు. అప్పులు తీర్చడానికి 1876లో అమెరికా వెళ్లి కచేరీలు చేశాడు. ఆ ఒత్తిడిలోనే 'హాఫ్‌మన్' రాసుకున్నాడు, మధ్యలో 'సైనిక డోలు మేజర్ కూతురు' లాంటి విజయం కూడా అందుకున్నాడు.

రవళి గారూ, మీ ప్రశ్నకు సూటిగా జవాబు: తరవాత 'లా బెల్ ఎలెన్' చూడండి. షాత్లే థియేటరు, 2000, మళ్లీ మింకోవ్‌స్కీ, పెలీ జంటే, హెలెన్‌గా ఫెలిసిటీ లాట్. 'మహారాణి' కూడా వాళ్లదే ఉంది. 'పారిస్ జీవితం' చూడాలంటే 2021లో క్రిస్తియన్ లక్రువా దర్శకత్వం వహించినది. తాలీముల్లో తీసేసిన భాగాలు అందులో తిరిగి చేర్చారు. 'ఓర్ఫే' వేరే రకంగా చూడాలనిపిస్తే 2019 సాల్జ్‌బర్గ్‌ది, బారీ కోస్కీ దర్శకత్వం. అందులో అందరి సంభాషణలూ, అడుగుల చప్పుళ్లూ మాక్స్ హాప్ అనే ఒక్క నటుడే పలికాడు. అవయ్యాక 'హాఫ్‌మన్' చూడండి. శేషగిరి గారి త్రయగీతం దగ్గరికి వచ్చేసరికి మీ చెవి సిద్ధంగా ఉంటుంది.

శేషగిరి:
ఆ వరసకు నాకు అభ్యంతరం లేదు. 'హాఫ్‌మన్' చూశాక మాత్రం ఇక్కడికి వచ్చి రాయాలి, అమ్మా.

రవళి:
తప్పకుండా రాస్తాను. 'లా బెల్ ఎలెన్' ఈ ఆదివారం.

రంగస్థలి:
ఈ చర్చ చదువుతుంటే ఒక ఆలోచన వచ్చింది. 1855లో ఆయన థియేటరు మొదటి రాత్రి ఆడిన 'ఇద్దరు గుడ్డివాళ్లు' తెలుగులో వేస్తే? ఇద్దరే మనుషులు, ఒకే అంకం, ఒక వంతెన. ఇద్దరూ చూపు లేనట్టు నటించే మోసగాళ్లు, అడుక్కునే చోటు నాదంటే నాదని కొట్టుకుని చివరికి పేకాటతో తేల్చుకోబోతారు. చూపు లేనివాళ్లను అవమానించినట్టు కాకుండా, వాళ్ల పేరు వాడుకునే వంచకుల కథగా తిరగరాయాలి, అది నేను చూసుకుంటాను. పాటలకు తెలుగు మాటలు రాయగలిగినవాళ్లు, బొలేరో అనే స్పానిష్ నాట్యపు లయ మీద మన ఛందస్సు కూర్చగలిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

శ్రీధర్ (సెల్లో):
పియానో ప్రతి నేను వెతికి పెడతాను. సెల్లో, హార్మోనియం, తబలాలకు తగ్గట్టు కుదించి రాసిస్తాను. బొలేరో పాట మొదటి చరణం తాళం గుర్తులతో ముందు ఇక్కడే పెడతాను, దానిమీద మాటలు ప్రయత్నించేవాళ్లు ప్రయత్నించండి. మైత్రి గారూ, ఫ్రెంచి మూలానికి వాడుకమాటల్లో అర్థం చెప్పే బాధ్యత మీది.